బొగ్గు పొర కింద నీటిని దేంతో కొలవాలి?

బొగ్గు బాయిలో నీళ్లు అనగానే అందరి చూపూ పైకే పోతుంది. వాన, పక్కన పారే వాగు, పైన నీళ్లు నిండి ఉన్న పాత గని. ఆ భయం నిజమే, దానికి కాపలా కాసే ఏర్పాట్లూ ఉన్నాయి. కానీ బొగ్గు పొర కింద ఉన్న ఇసుకరాయిలోనూ నీళ్లుంటాయి. అవి ఒత్తిడితో ఉంటాయి. మనం పైన బరువు తీసేకొద్దీ అవి ఫ్లోర్‌ని, అంటే గని అడుగు నేలని, పైకి నెట్టాలని చూస్తాయి. ఆ నీటి మట్టం ఎంతుందో తెలియకుండా తవ్వుకుంటూ పోవడం నాకు ఎప్పుడూ టెన్షనే.

గోదావరి లోయ గనుల చుట్టూ నీటి మట్టాలు కొలుస్తూ చాలా ఏళ్లు తిరిగాను. "సార్, కింది పొరకి ఏ పీజోమీటర్ మంచిది?" అని కుర్ర జియాలజిస్టులు ఫోన్ చేస్తుంటారు. వాళ్ల కోసమే ఇది. పీజోమీటర్ అంటే బోరులో పెట్టి ఒక పొరలోని నీటి మట్టాన్నో ఒత్తిడినో కొలిచే సాధనం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ మీటరు కొన్నారన్నది రెండో ప్రశ్న. బోరు బొగ్గు పొరను దాటే చోట సీలు, అంటే పొరల నీళ్లు కలవకుండా వేసే అడ్డు, ఎలా వేశారన్నది మొదటి ప్రశ్న. సీలు సరిగా లేకపోతే ఎంత ఖరీదైన మీటరు పెట్టినా అది చూపించేది ఏ పొర మట్టమో ఎవరికీ తెలియదు.

కింద ఏముందో ముందు చూడండి

మన దగ్గర బొగ్గు ప్రధానంగా బరాకర్ రాళ్లలో ఉంటుంది. వాటికి పైన బారెన్ మెజర్స్, ఆ పైన కామ్తీ ఇసుకరాళ్లు. అన్నిటికీ అడుగున తాల్చిర్ రాళ్లు, షేల్ (పొరలు పొరలుగా ఉండే మట్టిరాయి), సన్న ఇసుకరాయి లాంటి బిగువైనవి. తాల్చిర్‌లో నీళ్లు పెద్దగా కదలవు. మనకి కావలసింది దానికి పైన, మనం తవ్వే చివరి సీమ్‌కి (బొగ్గు పొరకి) కింద ఉండే బరాకర్ ఇసుకరాయి. గరుకుగా, తెల్లగా ఉంటుంది. కోర్ పెట్టెలో (బోరు నుంచి తీసిన రాతి కడ్డీల పెట్టెలో) చేత్తో రుద్దితే కొన్నిచోట్ల రేణువులు రాలతాయి. దానికీ సీమ్‌కీ మధ్య ఎన్ని మీటర్ల రాయి ఉంది, అందులో షేల్ ఎంత, ఫాల్ట్ (రాళ్లు విరిగి జారిన పగులు) ఎక్కడ కోసుకుంటూ పోయింది. ఈ మూడూ కోర్ లాగ్‌లో చూసుకోకుండా మీటర్ల కేటలాగు తెరవకండి.

ఒత్తిడి ఎంతుంటుందో ఊహకి అందాలంటే మణుగూరు దగ్గరి పగిడేరుకి వెళ్లి చూడండి. బొగ్గు వెతకడానికి వేసిన బోరు నుంచి వేడి నీళ్లు పంపు లేకుండానే ఉబికి వస్తాయి. ఆ వేడితోనే సింగరేణి అక్కడ 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ ప్లాంటు పెట్టింది. తమిళనాడులోని నైవేలీలో లిగ్నైట్ పొర కింద ఉన్న నీరు చదరపు సెంటీమీటరుకి 6 నుంచి 8 కేజీల ఒత్తిడితో పైకి నెడుతుంది. అంటే 60 నుంచి 80 మీటర్ల నీటి స్తంభం. అక్కడ పంపులు రాత్రీ పగలూ తోడుతూ ఆ ఒత్తిడిని దించబట్టే గని నడుస్తోంది. చైనాలో కైలువాన్ బొగ్గు క్షేత్రంలోని ఫాంగెజువాంగ్ గనిలో 1984 జూన్ 2న కింది సున్నపురాయి నీళ్లు లోపలికి దూసుకొచ్చాయి. తారస్థాయిలో నిమిషానికి 2,053 ఘనపు మీటర్లు. మన ఇసుకరాయి ఆ సున్నపురాయిలా గుహలు పడ్డది కాదు, అంత ఉధృతి ఇక్కడ ఉండదు. అయినా దారి మాత్రం ఒకటే: కింది నుంచి, పగులు దొరికిన చోటు నుంచి.

ఎంత కచ్చితంగా కొలవాలి?

ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైనుంచి తెరిచి తవ్వే గనిలో, లెక్క తేలిక. ఫ్లోర్‌కీ కింది ఇసుకరాయికీ మధ్య 10 మీటర్ల రాయి ఉందనుకోండి. ఘనపు మీటరుకి 2.3 టన్నుల చొప్పున చదరపు మీటరు మీద 23 టన్నుల బరువు. ఇసుకరాయి పైఅంచు నుంచి నీటి మట్టం 30 మీటర్ల ఎత్తులో ఉంటే అది 30 టన్నులతో పైకి నెడుతుంది. నీళ్లదే పైచేయి. 1.2 రెట్ల భద్రత కావాలంటే మట్టాన్ని 19 మీటర్లకి దించాలి. ఇప్పుడు మీ పీజోమీటర్‌లో సీలు సరిగా లేక, పైపొర నీటితో కలిసి, 30 బదులు 20 చూపిస్తోందనుకోండి. దాదాపు సేఫ్ అని సంతకం పెట్టేస్తారు.

అండర్‌గ్రౌండ్‌లో గ్యాలరీ (లోపలి దారి) ఇరుకు కాబట్టి బరువుతో పాటు రాతి బలం కూడా కలిసొస్తుంది. చైనాలో వాడే సూత్రంలో నీటి ఒత్తిడిని మెగాపాస్కల్స్‌లో తీసుకుని మధ్య రాయి మందంతో భాగిస్తారు. ఫాల్టులున్న చోట మీటరుకి 0.06, చెక్కుచెదరని చోట 0.1 దాటకూడదు. మన భాషలో చెప్పాలంటే ఒక్కో మీటరు రాయికి 6 మీటర్ల నీటి ఎత్తు, రాయి బాగుంటే 10. ఇది వాళ్ల సున్నపురాయి అనుభవం నుంచి వచ్చిన లెక్క. దాన్ని హెచ్చరిక గీతగా మాత్రమే వాడతాను, అనుమతి పత్రంగా కాదు.

ఈ రెండు లెక్కలూ చూశాక ఒకటి అర్థమవుతుంది. ఇక్కడ సెంటీమీటర్ల కచ్చితత్వం కంటే మీరు కొలుస్తున్నది సరైన పొరేనన్న నమ్మకం ముఖ్యం.

పాత అన్వేషణ బోరు: ఉచితంగా వస్తుంది, వద్దు

ప్రతి గని దగ్గరా ఒకరైనా అడుగుతారు, "అన్వేషణ బోర్లు ఎలాగూ ఉన్నాయి కదా, అందులో టేపు దించితే సరిపోదా?" అని. సరిపోదు. తెరిచి ఉన్న బోరులో కామ్తీ నీళ్లు, సీమ్ నీళ్లు, కింది ఇసుకరాయి నీళ్లు అన్నీ కలిసిపోతాయి. ఏ పొర ఎక్కువ ఇస్తే మట్టం దాని వైపు మొగ్గుతుంది. ఇంకా పెద్ద ప్రమాదం, ఆ బోరే కింది నీళ్లకి గనిలోకి దారి అవుతుంది. అలాంటి బోరు కనిపిస్తే కొలవడం కాదు, కింది నుంచి పైదాకా సిమెంటు గ్రౌట్‌తో (పంపుతో ఎక్కించే పల్చటి ముద్దతో) పూడ్చేయడం మంచిది.

స్టాండ్‌పైప్: నా మొదటి ఎంపిక

బోరు అడుగున ఇసుకరాయి ఉన్న మూడు మీటర్ల మేర మాత్రమే చిల్లుల పైపు, చుట్టూ ఇసుక, దాని మీద బెంటోనైట్ (నీళ్లు తగిలితే ఉబ్బే బంకమట్టి) సీలు, అక్కడి నుంచి సీమ్‌ను దాటుకుని నేల దాకా సిమెంటు-బెంటోనైట్ గ్రౌట్. పైపు నోట్లోంచి టేపు దించితే నీళ్లు తగిలిన చోట బీప్‌మంటుంది. ఇందులో నాకు నచ్చేది, అబద్ధం చెప్తే పట్టుకోవచ్చు. పైపులో నీళ్లు పోసి చూడొచ్చు, లాగర్ (మట్టాన్ని దానంతటదే నమోదు చేసే పరికరం) పాడైతే తీసి ఇంకోటి వేయొచ్చు, నీళ్ల శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపొచ్చు. గనిలోకి కొత్తగా ఊట వస్తే అది ఏ పొర నీళ్లో పోల్చుకోవడానికి ఆ శాంపిల్ లేకపోతే చేతులు కట్టేసినట్టే.

దీని లోపం ఆలస్యం. పైపులో మట్టం మారాలంటే రాతిలోంచి నిజంగా నీళ్లు వచ్చి పైపు నిండాలి. 50 మిల్లీమీటర్ల పైపు, 100 మిల్లీమీటర్ల బోరు, మూడు మీటర్ల చిల్లులు అనుకుని లెక్క వేస్తే, రోజుకి 8 సెంటీమీటర్లకి కాస్త పైగా నీటిని వదిలే ఇసుకరాయిలో పైపు మూడింట రెండొంతుల మార్పును సుమారు 7 నిమిషాల్లో అందుకుంటుంది. అంతకంటే పదివేల రెట్లు బిగువైన షేల్‌లో అదే పైపుకి 49 రోజులు పడుతుంది. ఇసుకరాయికి ఇది చక్కగా పనిచేస్తుంది. సీమ్‌కీ ఇసుకరాయికీ మధ్య ఉన్న షేల్‌లో ఒత్తిడి ఎలా పాకుతోందో చూడాలంటే మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

ఒకే బోరులో రెండు మూడు పైపులు

డ్రిల్లింగ్ ఖర్చే అన్నిటికంటే ఎక్కువ కాబట్టి ఒకే బోరులో రెండు మూడు పైపులు దించాలని అందరికీ అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఒక గనిలో మూడు పైపులు దించాం. నాలుగు నెలల పాటు సీమ్ పైనున్న పైపూ, సీమ్ కిందున్న పైపూ రెండూ సెంటీమీటర్ల తేడాతో ఒకే మట్టం చూపించాయి. రెండు పొరలకీ సంబంధం ఉందని రిపోర్టు కూడా తయారైంది. ఒకరోజు అనుమానం వచ్చి పై పైపులో రెండు డ్రమ్ముల నీళ్లు పోయించాను. కింది పైపులో టేపు పట్టుకుని కూర్చున్నవాడు పది నిమిషాలు కాకముందే "సార్, లేస్తోంది" అన్నాడు. కలిసింది రాళ్లు కాదు, మా సీలు. బెంటోనైట్ గోళీలు పైపుల మధ్య ఇరుక్కుని, సగం దారిలోనే ఉబ్బి ఆగిపోయాయి. కింద పెద్ద ఖాళీ మిగిలిపోయింది.

వంద మీటర్లు దాటిన బోరులో, పైపుల మధ్య జాగా తక్కువగా ఉన్నప్పుడు ఇది ఎవరికైనా జరుగుతుంది. అందుకే ఇప్పుడు ఒక్కో లోతుకి ఒక్క పైపు, ఒక్క బోరు అంటాను. డబ్బు చాలకపోతే పైపుల సంఖ్య తగ్గించండి, కలపొద్దు.

వైబ్రేటింగ్ వైర్ సెన్సర్లు: ఎక్కువ లోతులకి ఇదే

చిన్న స్టీలు గొట్టంలో బిగించిన తీగ ఉంటుంది. నీటి ఒత్తిడికి పల్చటి డయాఫ్రం వంగితే తీగ బిగువు మారుతుంది, అది మోగే ఫ్రీక్వెన్సీ మారుతుంది. పైకి వచ్చేది ఫ్రీక్వెన్సీ కాబట్టి కేబుల్ ఎంత పొడుగైనా రీడింగ్ చెడదు. సెన్సర్లను ఒక సన్న పైపుకి కట్టి కావలసిన లోతుల్లో దించి, అదే పైపు గుండా బోరు మొత్తం గ్రౌట్‌తో నింపేస్తారు. ఇసుక లేదు, గోళీలు లేవు. "సిమెంటులో పాతేస్తే నీటి ఒత్తిడి ఎలా తెలుస్తుంది?" అని అడుగుతారు. గ్రౌట్ గుండా బోరు పొడవునా నీళ్లు పారవు గానీ, పక్క రాతి నుంచి సెన్సరు దాకా ఉన్న నాలుగు సెంటీమీటర్లు దాటి ఒత్తిడి చేరుతుంది. డయాఫ్రం కదలడానికి చుక్క నీళ్లు చాలు. అందుకే షేల్‌లో కూడా వెంటనే స్పందిస్తుంది.

గ్రౌట్ పాళ్లు ముఖ్యం. బరువులో సిమెంటు 1, నీళ్లు 2.5, బెంటోనైట్ 0.3. అంటే 50 కేజీల బస్తాకి 125 లీటర్ల నీళ్లు, సుమారు 15 కేజీల బెంటోనైట్. ముందు సిమెంటూ నీళ్లూ కలిపి, తర్వాత బెంటోనైట్ కొంచెం కొంచెంగా వేస్తూ చిక్కబడే దాకా తిప్పాలి. సైటులో కూలీలు అలవాటుగా బెంటోనైట్ ముందు కలిపేస్తారు. మీరు దగ్గరుండాలి.

లోపాలు కూడా తెలుసుకోండి. ఒకసారి పాతాక తీయలేరు, సరిచూడలేరు. నీళ్ల శాంపిల్ రాదు. దించే ముందు నేల మీద తీసుకున్న సున్నా రీడింగ్, ఆ రోజు ఉష్ణోగ్రత, వాతావరణ పీడనం రాసి పెట్టుకోకపోతే తర్వాత వచ్చే అంకెలన్నీ గాల్లో వేలాడతాయి. పిడుగులు పడే ప్రాంతం మనది, సర్జ్ అరెస్టర్ లేకుండా కేబుల్ బయటికి తీయొద్దు. ఇంకో మాట, అవసరానికి మించిన రేంజి కొనకండి. 0.1 శాతం కచ్చితత్వం అంటే 100 మీటర్ల సెన్సరుకి 10 సెంటీమీటర్లు, 300 మీటర్లదానికి 30.

ఒకే గొట్టానికి చాలా లోతుల్లో ప్యాకర్లూ (పొరలను విడదీసే అడ్డులు) పోర్టులూ (నీళ్లు అందే ద్వారాలు) ఉండి, ఒత్తిడీ శాంపిల్ రెండూ ఇచ్చే మల్టీలెవెల్ సిస్టమ్‌లు కూడా ఉన్నాయి. మంచివే. వాటిని నడపడానికి శిక్షణ ఉన్న మనిషి అన్నేళ్లూ మీ దగ్గరే ఉంటాడన్న నమ్మకం ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.

గని లోపలి నుంచి కిందికి బోరు

నేల మీద నుంచి 250 మీటర్లు తవ్వే బదులు గ్యాలరీ ఫ్లోర్ నుంచి 30 మీటర్లు తవ్వితే ఇసుకరాయి తగులుతుంది. పైన వాల్వు, ప్రెషర్ గేజి. ముల్లు 4 కేజీల దగ్గర ఉంటే 40 మీటర్ల నీళ్లు. చూడ్డానికి అన్నిటికంటే చౌక. కానీ పని చేసే మనుషుల కాళ్ల కిందే ఒత్తిడి నీళ్లకి తలుపు తీస్తున్నాం. నోటి దగ్గర కేసింగ్ గట్టిగా గ్రౌట్ చేసి, రాబోయే ఒత్తిడి కంటే ఎక్కువ పెట్టి పరీక్షించి, వాల్వు బిగించాకే కిందికి తవ్వాలి. ఈ క్రమం తప్పే పరిస్థితి ఉంటే, లేదా ఇప్పటికే ఒత్తిడి ఎక్కువని అనుమానం ఉంటే, ఈ పద్ధతి వద్దు. పైగా ప్యానెల్ (బొగ్గు తీసే గడి) గోఫ్ అయ్యాక, అంటే బొగ్గు తీసేసి పైకప్పు కూలాక, ఆ గేజి దగ్గరికి ఎవరూ వెళ్లలేరు. నడుస్తున్న ప్యానెల్‌కి తాత్కాలిక కాపలాగా మాత్రమే దీన్ని ఒప్పుకుంటాను.

మీ పరిస్థితికి ఏది?

ఓపెన్‌కాస్ట్‌లో కింది ఒత్తిడిని పంపులతో దించుతుంటే వైబ్రేటింగ్ వైర్, టెలిమెట్రీతో (రీడింగ్ దానంతటదే దూరానికి చేరేలా). పంపు ఆగిన గంటలోనే మట్టం లేస్తుంది, మర్నాడు టేపు పట్టుకెళ్తే లాభం లేదు. దాని పక్కనే ఒక్క స్టాండ్‌పైప్ ఉంటే సెన్సరు చెప్పేది నిజమో కాదో నెలకోసారి చూసుకోవచ్చు. చుట్టుపక్కల ఊళ్ల బోర్లు ఎండుతున్నాయన్న ఫిర్యాదు ఉంటే స్టాండ్‌పైపే, ఎందుకంటే అక్కడ శాంపిల్ కావాలి, ఊరివాళ్లు కళ్లారా చూసే మట్టం కావాలి. టేపు బీప్‌మన్నప్పుడు ఆ రైతునే వంగి వినమంటాను. అతని బోరు దిగిందని అతను చెప్పే మాటకి అంతే గౌరవం ఇవ్వాలి కదా. ఎండాకాలానికి ముందు రీడింగ్ లేకపోతే ఏ పక్షమూ ఏమీ తేల్చలేదు. గని మొదలవకముందే ఏడాది రీడింగులు ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

అండర్‌గ్రౌండ్‌లో ఫాల్టు వైపు వెళ్తుంటే ఫాల్టుకి ఇటూ అటూ ఒక్కో బోరు, రెండింటిలోనూ ఇసుకరాయిలో ఒక సెన్సరు, మధ్య షేల్‌లో ఒకటి. షేల్ సెన్సరు లేవడం మొదలైందంటే నీళ్లు పైకి దారి వెతుక్కుంటున్నాయని. ఆ బోర్లు ప్యానెల్ మీద కాకుండా బ్యారియర్‌లో (తవ్వకుండా వదిలే బొగ్గు గోడలో) వేయండి. గోఫ్ పడితే పైపైనా కేబులైనా తెగిపోతుంది.

అనుమతుల కోసం వేసే పీజోమీటర్లు ఈ పనికి లెక్కలోకి రావు. అవి సాధారణంగా ఊళ్లు వాడుకునే పైపొరల కోసం. కేంద్ర భూగర్భ జల మండలి పరిశీలన బావుల్లో చాలావాటిని ఏడాదికి నాలుగుసార్లే కొలుస్తారు: జనవరి, వేసవి, ఆగస్టు, నవంబరు. ప్రాంతం మొత్తం చిత్రానికి అది చాలు, నడుస్తున్న ప్యానెల్ కింది నీటికి చాలదు.

రీడింగ్ వచ్చాక మోసపోయే చోట్లు

గని ప్రాంతంలో నేల కుంగుతుంది. పైపు నోరు అర మీటరు దిగితే, టేపు మీద నీళ్లు అర మీటరు పైకొచ్చినట్టు కనిపిస్తాయి. ఏడాదికోసారైనా పైపు నోటి ఎత్తును సర్వే వాళ్లతో మళ్లీ తీయించండి. లాగర్ గాలి గొట్టం లేని రకమైతే వాతావరణ పీడనాన్ని విడిగా నమోదు చేసి తీసేయాలి. బంగాళాఖాతంలో తుఫాను వచ్చి పీడనం 20 మిల్లీబార్లు పడితే దాదాపు 20 సెంటీమీటర్ల తప్పు మట్టం కనిపిస్తుంది.

ఇంకొకటి చాలామందికి కొత్తగా అనిపిస్తుంది. ఓపెన్‌కాస్ట్‌లో ఓబీ (బొగ్గు పైనున్న రాయీ మట్టీ) తీసేకొద్దీ కింది పొరలో ఒత్తిడి తగ్గుతుంది, ఒక్క చుక్క తోడకపోయినా. పైన బరువు పోయింది కాబట్టి రాయి కాస్త సడలుతుంది, అంతే. దాన్ని చూసి పంపులు పనిచేస్తున్నాయని అనుకోవద్దు. డంప్ పోసే వైపు దీనికి తలకిందులు, ఒత్తిడి పెరుగుతుంది. తవ్వకం, డంపు ఏ వారం ఎక్కడున్నాయో మట్టాల గ్రాఫు కిందే రాసుకుంటే ఈ తికమక ఉండదు.

కొత్త పీజోమీటర్ వేశాక మొదటి నెల గంటగంటకీ రీడింగ్ పెట్టండి. సీలు బాగున్న స్టాండ్‌పైప్‌లో వాతావరణ పీడనం పడినప్పుడు మట్టం కొద్దిగా లేస్తుంది, రోజుకి రెండుసార్లు సన్నటి అల కనిపిస్తుంది. వాన కురిసిన గంటలోనే మట్టం ఎగిరితే, పైపు వెంబడి పైనీళ్లు దిగుతున్నట్టు. అప్పుడు ఆ బోరును ఆ రోజే రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో కొట్టేసి, గ్రౌట్ లారీకి ఫోన్ చేయండి.